ఎర్ర గమ్

ఆ వీధిలో మెకానిక్కులందరూ ఆమెను మొండక్క అనేవారు. మోటార్‌సైకిల్ చక్రంలో బోల్టు బిగుసుకుపోయి, ఎవరు తిప్పినా కదలక, చివరికి తల అరిగిపోతే ఆ చక్రం ఆమె షెడ్డుకే చేరేది. ఆమె చేసేది ఆ ఒక్క పనే. ఇంజన్లూ గింజన్లూ ముట్టుకునేది కాదు.

ఎదురుగా ఉన్న పెద్ద షెడ్డు తమ్ముడిది. అంటే నిజానికి నాన్నది. ఇద్దరికీ పని నేర్పింది ఆయనే. ఆయన పోయి నెల తిరక్కుండానే తమ్ముడు అక్క సామాన్ల పెట్టె తెచ్చి వీధిలో పడేశాడు.

“ఆడమనిషి స్పానర్ పట్టుకుని కూర్చుంటే బళ్ళెవరు తెస్తారు? ఇంటికి పో” అన్నాడు నలుగురూ వింటుండగా.

అక్క గొడవ పెట్టుకోలేదు. చేతిలో ఉన్న పని ముగించి పోతానంది, అంతే. ఎంత అణకువో అనుకున్నారు పిచ్చివాళ్ళు.

ఆ పని నాన్న బండి ముందు చక్రానికి బ్రేకు డిస్కు బిగించడం. డిస్కు బోల్టులు వదులు కాకుండా మరలకు నీలం గమ్ ఒక చుక్క రాస్తారు. బోల్టు తల గుంటలో అలెన్ కీ పెట్టి తిప్పితే అది వదిలేస్తుంది. ఆమె ఎర్ర గమ్ రాసింది. మంట చూపిస్తే తప్ప అది ఎవరి మాటా వినదు. తమ్ముడి సంగతి ఆమెకు తెలుసు. బోల్టు గుంటలో మట్టి గీకమని నాన్న ఎంత మొత్తుకున్నా వినకుండా, కీ సగం దూర్చి బలమంతా చూపించే రకం. డిస్కు అరిగి మార్చాల్సిన రోజున వాడు ఆ తలలు అరగదీసుకుంటాడు, నా గుమ్మం తొక్కుతాడు అనుకుంది. ఎదురుగానే చిన్న షెడ్డు అద్దెకు తీసుకుని కూర్చుంది. ఏళ్ళు గడిచినా ఆ కసి మాత్రం చల్లారలేదు.

ఒక మధ్యాహ్నం మరదలు వెనక సందులోంచి వచ్చింది. చేతుల్లో గోనెపట్టా చుట్టిన చక్రం.

“ఎవరిదో బండిది వదినా. బోల్టులు రావట్లేదట.”

మొండక్క పట్టా తీసింది. అంచు మీద నాన్న సుత్తితో సరిచేసిన సొట్ట కనిపించింది. ఒళ్ళంతా పులకరించింది.

“ఎవరిదో కాదులే. వాణ్ణే తెమ్మను. ముందు గుమ్మంలోంచి రమ్మను.”

“ఆయన పరువు పోతుంది వదినా.”

“నా పెట్టె వీధిలో పడేసినప్పుడు నా పరువేమైందో మీ ఆయన్నే అడుగు.”

మర్నాడు పొద్దున్నుంచీ ఎదురు షెడ్డులో సుత్తి మోగుతూనే ఉంది. మొండక్క కుర్చీ గుమ్మంలోకి లాక్కుని, తీరుబడిగా టీ తాగుతూ విన్నది. అంత కమ్మటి టీ ఆమె ఎన్నడూ తాగలేదు. తమ్ముడు వేరే మెకానిక్కుల దగ్గరికి పరిగెత్తాడు. వాళ్ళందరూ ఈ గుమ్మమే చూపించారు.

సాయంత్రానికి వచ్చాడు. చేతిలో చక్రం, చంకలో కొత్త డిస్కు. వీధిలో పనులన్నీ ఆగిపోయాయి.

“ఇది కాస్త తీసిపెట్టు” అని గొణిగాడు.

“ఎవరితో మాట్లాడుతున్నావు?”

“నీతోనే. అక్కా... నాకు రావట్లేదు.”

“గట్టిగా చెప్పు. అవతల వాళ్ళకి వినపడలేదు.”

“అక్కా, నాకు రావట్లేదు! నువ్వే తీయాలి!”

ఆమెకు కడుపు నిండిపోయింది. చక్రం కదలకుండా పట్టుకోమని వాణ్ణి కింద కూర్చోబెట్టింది. గుంటల్లో మట్టి సూదితో గీకింది. అరిగిన తలలో నక్షత్రంలా పళ్ళున్న స్టార్ బిట్టు సుత్తితో దిగగొట్టింది. గ్యాస్ మంట చూపించి, నిదానంగా తిప్పింది. టక్కుమని వదిలింది బోల్టు. మిగతావీ ఒకటొకటిగా వచ్చాయి.

తమ్ముడు ఒక బోల్టు ఎత్తి చూశాడు. మరల నిండా ఎండిపోయిన ఎర్ర గమ్ పొడి. ఎంతైనా నాన్న దగ్గర నేర్చినవాడే.

“ఇది... నువ్వు పెట్టిందేనా?”

“నేనే. ఆ రోజే.”

“ఎందుకక్కా?”

“ఆడమనిషి బిగింపు ఎలా ఉంటుందో నీకు తెలియాలని.”

వాడు తల దించుకున్నాడు. ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారేమో. మొండక్క కొత్త డిస్కు పెట్టి, కొత్త బోల్టులు తీసి, గమ్ సీసా మూత విప్పింది.

“అక్కా, అది ఎర్రది.”

“తెలుసు.”

వాడు చూస్తుండగానే ప్రతి బోల్టుకూ చుక్క రాసి బిగించి, చక్రం చేతికిచ్చింది.

“ఈ డిస్కు కూడా ఎప్పటికో అరుగుతుంది. దారి తెలిసిందిగా, ముందు గుమ్మంలోంచే రా.”