కాళ్ళ మీద నీళ్ళు

నా కాళ్ళకు మొక్కినవాళ్ళు మా వీధిలో ఇంకా ఉన్నారు. ఇప్పుడు వాళ్ళలో సగం మంది నేను ఎదురైతే ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకుంటారు. అవతల ఎవరూ ఉండరని నాకు తెలుసు.

మాది శామీర్‌పేట దగ్గర, తూంకుంటకు ఇవతల. సగం ఊరు, సగం కాలనీ. మా ఆయన గుండ్లపోచంపల్లిలో ఒక గోదాములో పని చేస్తాడు. నేను ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకొని బ్లౌజులు కుడతాను. నాకు నోరు ఎక్కువ, కోపం ఇంకా ఎక్కువ. అది జబ్బు కాదు, పుట్టినప్పటి నుంచీ ఉంది. జబ్బు తర్వాత వచ్చింది. ఈ రెండింటికీ తేడా చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది. కూరలో ఉప్పు తక్కువైందని గొంతు పెంచినా సరే, "గోలి ఏసుకున్నవా?" అని అడుగుతారు.

జబ్బు పేరు బైపోలార్. కొన్నాళ్ళు నిద్ర అక్కర్లేదు, నోరు ఆగదు, నా వల్ల కానిది లేదనిపిస్తుంది. కొన్నాళ్ళు మంచం దిగి పళ్ళు తోముకోవడమే గగనమైపోతుంది. ఇవాళ ఇంత తేలిగ్గా చెబుతున్నాను గానీ, మా ఇంట్లో చాలా ఏళ్ళు ఆ పేరు ఎవరూ పలకలేదు. మా అత్త దానికి వేరే పేరు పెట్టింది.

మొదటిసారి అది బోనాలప్పుడు వచ్చింది. ఆ వారమంతా నేను నిద్రపోలేదు, పోవాలనీ అనిపించలేదు. మిషను ముందు నుంచి లేవకుండా కుట్టాను. పండగకని అందరూ ఇచ్చిన గుడ్డలు కత్తిరించేసి, ఒకరి బ్లౌజుకు ఇంకొకరి గుడ్డతో చేతులు అతికించాను. ఇన్ని డిజైన్లు లోకంలో ఎవరికీ రాలేదని నా గట్టి నమ్మకం. ఆదివారం బోనం ఎత్తుకొని డప్పుల మధ్యకు వెళ్ళేసరికి ఇక నన్ను ఆపేవాళ్ళు లేరు. ఊగాను, అరిచాను. ఎవరో "అమ్మ వచ్చింది" అన్నారు. చేతికి వేపమండలిచ్చారు. బోనమెత్తినవాళ్ళ కాళ్ళ మీద నీళ్ళు పోయడం మా దగ్గర ఆనవాయితీ. ఆ ఏడు నా కాళ్ళ మీద పోసినన్ని నీళ్ళు ఎవరి మీదా పోయలేదు. బోరులో నీళ్ళు పడతాయా అని ఒకాయన అడిగాడు. కోడలి కడుపు పండుతుందా అని ఒకామె అడిగింది. ఎవరికీ లేదనలేదు. నిజం చెప్పాలంటే, అంత సంతోషం నేను మళ్ళీ ఎరగను.

అమ్మవారి మీద నాకు భక్తి లేదని కాదు. ఎవరికి వచ్చింది నిజం పూనకమో తేల్చడానికి నేనెవరిని? నా సంగతి మాత్రం నాకు తెలుసు. ఆ రోజు పూనకం వచ్చిన మిగతా ఆడవాళ్ళు పొద్దుగూకే వేళకు తేరుకొని, మంచినీళ్ళు తాగి, ఇంటికి పోయి వంట చేసుకున్నారు. నాకు సోమవారమూ దిగలేదు, మంగళవారమూ దిగలేదు. చివరికి చెప్పులు లేకుండా కరీంనగర్ రోడ్డు నడిమధ్యన నిలబడి, లారీలు ఆపి దీవెనలిస్తుంటే మా ఆయన వచ్చి పట్టుకుపోయాడు. సిటీలో డాక్టరు దగ్గర జబ్బు పేరు బయటపడింది.

ఇంటికి రాగానే అత్త తలుపు గొళ్ళెం పెట్టి మా ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"గా డాక్టరు చెప్పిన పేరు గీ గడప దాటొద్దు. అమ్మ వస్తాందని నేను చెప్త. అమ్మ అంటె మొక్కుతరు. పిచ్చి అంటె రాళ్ళేస్తరు."

అన్నంత పనీ చేసింది. నేను హుషారుగా ఉంటే అమ్మ వచ్చినట్టు. గోడ వైపు తిరిగి పడుకుంటే అమ్మ అలిగినట్టు. మందులు పనిచేసి అందరిలా ఉంటే అమ్మ శాంతించినట్టు. రక్తపరీక్షకు వెళ్తే థైరాయిడ్. అన్నిటికీ ఆమె దగ్గర జవాబు ఉండేది. నేను మంచం దిగని రోజుల్లో తల దువ్వి జడ వేసింది కూడా ఆమే. మందు వల్ల నా వేళ్ళు ఎప్పుడూ సన్నగా వణుకుతాయి, సూదిలో దారం ఎక్కించాలంటే ప్రాణం మీదికొస్తుంది. అదీ ఆమే ఎక్కించి ఇస్తుంది. ఆ అబద్ధంలో నాకూ బాగానే గడిచింది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు పనిలో పనిగా కాళ్ళకు మొక్కి పోయేవాళ్ళు.

కిందటేడు ఆషాఢంలో మా వెనక వీధిలో ఉండే ఒకామె కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చింది. ఎప్పుడూ నా దగ్గరే కుట్టించుకుంటుంది, నన్ను వదినా అంటుంది. కూతురు దుండిగల్ వైపు ఇంజనీరింగ్ చదువుతోంది. చిన్నప్పుడు నేను లంగా జాకెట్లు కుట్టిన పిల్ల, పలకరిస్తే తల్లి వెనక దాక్కునేది. ఆ రోజు గుమ్మంలోనే అందుకుంది.

"ఆంటీ, మీ మిషన్ నేను మొత్తం మార్చిస్త, మస్తు ఐడియా వచ్చింది, ఐడియాలు ఆగుతలేవు ఆంటీ, రాస్తనే ఉన్న, మా సార్‌కు చెప్తె ఆయనకు సమజ్ గాలె..."

కూర్చోమంటే కూర్చోదు. గుడ్డల రంగులు చూసి నవ్వుతోంది, ఆ నవ్వులోనే కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. పెదవులు ఎండి పగిలాయి. ఆ హుషారు ఎక్కడి దాకా తీసుకుపోతుందో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

తల్లి మొహం మాత్రం వెలిగిపోతోంది.

"వారం దినాల సంది నిద్ర లేదు వదినా దీనికి. అచ్చం నీకు వచ్చినట్టే వస్తాంది. హాస్టల్ల పిల్లలు డాక్టరుకు చూపియ్యమన్నరు, నేనే ఇంటికి తోలుకొచ్చిన. నువ్వు బొట్టు పెట్టి చెప్పు. గీ ఆదివారం బోనం ఎత్తియ్యాల్నా?"

పసుపు గిన్నె నా చేతిలో పెట్టింది. వంటింటి గుమ్మంలో నిలబడి అత్త నా వైపే చూస్తోంది. నిజం చెప్పొద్దన్నట్టు మెల్లగా తల ఊపింది. చిటికెడు పసుపు ఆ పిల్ల నుదుట రాస్తే మా ఇల్లు ఎప్పటిలాగే ఉంటుంది. కానీ లారీలు నా అదృష్టం కొద్దీ ఆగాయి. ఈ పిల్లకు ఆగుతాయని ఎవరు చెప్పగలరు?

గిన్నె పక్కన పెట్టాను. మిషను సొరుగులోంచి నా మందుల షీట్లు తీసి బల్ల మీద పరిచాను.

"ఇది అమ్మ కాదు వదినా. నాకు వచ్చింది గూడ అమ్మ కాదు. జబ్బు. ఇన్నేండ్ల సంది గీ గోలీలు మింగుతున్న. పిల్లను ఇయ్యాల్నే దవాఖానకు తోలుకపోదాం, నేను గూడ వస్త."

ఆమె ఆ షీట్లను చూసింది, నన్ను చూసింది. మొహంలో వెలుగంతా ఆరిపోయింది.

"ఇన్నేండ్లు నీ కాళ్ళు మొక్కిన గదనే! నీ పిచ్చి నా బిడ్డకు అంటగడ్తవా? రేపు దానికి పెండ్లి గావాలె."

కూతురి చెయ్యి పట్టి లాక్కుపోయింది. ఆ పిల్ల గేటు దగ్గర వెనక్కి తిరిగి, ఏదో సినిమాకు పోతున్నంత సంబరంగా నాకు చెయ్యి ఊపింది. నాకు ఏడుపొచ్చింది.

అత్త ఆ రోజు అన్నం ముట్టలేదు. సాయంత్రం నా ఎదురుగా కూర్చుంది.

"నా చెల్లెకు గూడ గిట్లనే ఉండె. గొడ్ల కొట్టంల కట్టేసిండ్రు. అన్నం పెట్టవోతె నన్ను గూడ కొట్టిండ్రు. ఆడ్నే సచ్చిపోయింది. నీకు గట్ల గావద్దనే అమ్మ పేరు చెప్పిన. ఒక్క మాటతోని అంత కూలగొట్టినవ్."

ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం, ఆమెకు ఒక చెల్లెలు ఉండేదని కూడా నాకు తెలియదు.

కబురు వీధంతా పాకింది. కుట్టమని ఇచ్చిన గుడ్డలు ఒక్కొక్కరే వచ్చి వెనక్కి తీసుకుపోయారు. నేను పడతాయన్న నీళ్ళు తన బోరులో పడనేలేదన్న సంగతి అప్పట్లో నన్నడిగినాయనకు ఇప్పుడే గుర్తొచ్చింది. ఆదివారం నేను బోనమెత్తాను. వాన జాడ లేదు, సీసీ రోడ్డు కాళ్ళ కింద కాలుతోంది. గేట్ల ముందు బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు నా ముందు నడిచేవాళ్ళకు పోశారు, నా వెనక వచ్చేవాళ్ళకు పోశారు. నా కాళ్ళు మాత్రం పొడిగానే గుడి దాకా వెళ్ళాయి. బోనం అక్కడే దించి అందరినీ కడిగేద్దామన్నంత కోపం వచ్చింది. అయితే నేను అరిస్తే దాన్ని కోపం అనరు కదా, జబ్బంటారు. పంటి బిగువున నడిచాను. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది అదే.

వెనక వీధి ఇల్లు ఆ ఆదివారం తాళం వేసి ఉంది. పిల్లను సిటీలో దవాఖానలో చేర్పించారని మా ఆయన తెలుసుకొని వచ్చాడు. వీధిలో టైఫాయిడ్ అని చెప్పుకున్నారు.

ఏడాది తిరిగింది. నాతో ఆ తల్లి మాట్లాడలేదు. ఈసారి బోనాలకు అత్త, "నువ్వొద్దు, నేనెత్తుత," అంది. నేను ఒప్పుకోలేదు. హారతి పళ్ళెం పట్టుకొని ఆమె నా పక్కనే నడిచింది. ఈసారీ బిందెలు నన్ను దాటుకుంటూనే పోయాయి.

వెనక వీధికి వచ్చేసరికి డప్పులు ముందుకు పోయి మలుపు తిరిగాయి. ఆ గేటు తెరుచుకొని పిల్ల బయటికొచ్చింది, చేతిలో నీళ్ళ చెంబు. కొంచెం ఒళ్ళు చేసింది, నడక నెమ్మదించింది. లోపల నుంచి తల్లి గొంతు తగ్గించి పిలుస్తోంది.

"లోపటికి రా బిడ్డా, అందరు చూస్తుండ్రు."

పిల్ల వినలేదు. నా ముందు వంగి చెంబు వంచింది. చెయ్యి వణికి నీళ్ళు సగం రోడ్డు పాలయ్యాయి. ఒకసారి తన చేతిని చూసుకొని, తలెత్తి, వీధంతా వినేటట్టు అడిగింది.

"ఆంటీ, గా గోలీలతోని నా చెయ్యి వణుకుతాంది. మీకు గూడ ఇట్లనే ఉంటదా?"

అటూ ఇటూ గేట్ల ముందు ఉన్నవాళ్ళంతా మా వైపు తిరిగారు. లోపల తల్లి రెండు చేతులతో మొహం కప్పుకుంది. నేను ఒక చేత్తో బోనం పట్టుకొని, రెండో చెయ్యి ఆ పిల్ల చేతి పక్కన చాపాను. రెండూ ఒకేలా వణుకుతున్నాయి.

"ఇట్లనే ఉంటది బిడ్డా. సూదిల దారం గూడ మా అత్తనే ఎక్కిస్తది."

ఆ మాటకు అత్త ఉలిక్కిపడి నన్ను చూసింది. మళ్ళీ ఏ థైరాయిడ్ పేరో చెప్పి నా మాట కప్పేస్తుందని భయపడ్డాను. ఆమె పళ్ళెం అరుగు మీద పెట్టింది. వంగి, తన రెండు చేతులతో ఆ పిల్ల మణికట్టు కదలకుండా పట్టుకుంది.

"నీళ్ళు పొయ్యి బిడ్డా," అంది.