గొళ్ళెం పెట్టిన తలుపు

మా ఇంట్లో ఏ తలుపుకీ గడియ వేయనిచ్చేది కాదు మా అమ్మ. భవానీపురంలో మేం అద్దెకుంటున్న ఇంట్లో స్నానాల గదికి కూడా అంతే. తలుపు దగ్గరగా వేసుకుని, లోపల మనిషున్నట్టు తెలియడానికి నేను గొంతు చించుకుని కీర్తనలు పాడుకోవాలి. గుంటూరులో డాక్టరు చదువు చదువుతూ సెలవులకొచ్చే ఆడపిల్లకి ఇదేం ఖర్మ అని ఒళ్ళు మండిపోయేది. ఎంత పోట్లాడినా అమ్మ చెవికెక్కేది కాదు.

కారణం మా పిన్ని. నేను పుట్టకముందు, ఒక వేసవి మధ్యాహ్నం, కంకిపాడు దగ్గర అమ్మమ్మ వాళ్ళ తాటాకుల ఇల్లు తగలబడింది. పిన్ని లోపల నిద్రపోతోంది. బట్టలుతకడానికి కాలవకి వెళ్తూ, మేకలు దూరతాయని బయట గొళ్ళెం పెట్టింది అమ్మే. అటువైపు ఊళ్ళలో అందరూ చేసే పనే అది. మంటలారాక చూస్తే పిన్ని చేతులు మోచేతుల దగ్గర వంగి, పిడికిళ్ళు బిగుసుకుని, పైకి లేచి ఉన్నాయట. చర్చి అయ్యగారు చూసి, బిడ్డ ప్రార్థన చేస్తూ ప్రభువు దగ్గరికి వెళ్ళిందన్నారు. అమ్మమ్మ ఆ మాట పట్టుకునే బతికింది. అమ్మ మాత్రం అవి తలుపు బాదిన చేతులనుకుంది. ఏటా జ్ఞాపకార్థ కూడికలో అయ్యగారు ఆ చేతుల సంగతి ఎత్తగానే లేచి బయటికి వెళ్ళిపోయేది.

డెబ్భైల్లో ఒక ఏడాది, సెలవులకి ముందు, లైబ్రరీలో ఓ ఇంగ్లీషు పత్రిక తిరగేస్తున్నాను. ఎన్నో వందల ఏళ్ళ కిందట ఇటలీలో అగ్నిపర్వతం పేలి, ఒక ఊరు ఊరంతా బూడిద కింద పూడిపోయిందట. తవ్వకాల్లో దొరికిన మనుషుల బొమ్మలు వేశారు. కొందరు పిడికిళ్ళు బిగించి, చేతులెత్తి, కొట్లాటకి దిగినట్టున్నారు. అచ్చం ఇంట్లో చెప్పుకునే పిన్ని చేతుల్లాగే. ఆ చేతులు చూసి వాళ్ళు గిలగిల్లాడుతూ పోయారనుకుంటాం గానీ, విపరీతమైన వేడికి కండరాలు ముడుచుకుని చేతులు వాటంతటవే లేస్తాయనీ, ప్రాణం పోయాక కూడా లేస్తాయనీ రాశారు. ఎముక ఎలా పగిలిందో, ఏ రంగుకి తిరిగిందో చూసి ఎంత వేడి తగిలిందో చెప్పొచ్చట. ఎంత బాధపడ్డారో చెప్పడానికి వంగిన చేతులు చాలవట. మా లెక్చరర్ని అడిగితే, కాలిన ఏ శవానికైనా అంతేనమ్మా అన్నారు. ఇక నాకు కాలు నిలవలేదు. మర్నాడే బస్సెక్కేశాను.

అమ్మ వంటింట్లో గోంగూర వలుస్తోంది. చెప్పాల్సిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. వలవడం ఆపకుండానే విని, చివరికి అడిగింది.

“అంటే, తలుపు కొట్టలేదంటావా?”

కొట్టలేదని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. “ఆ చేతుల్ని బట్టి ఏం చెప్పలేమమ్మా. పొగకి నిద్రలోనే పోయి ఉండొచ్చు,” అన్నాను.

ఉండొచ్చా, ఉండొచ్చా అని తనలో తను గొణుక్కుంటూ రెండ్రోజులు ఇల్లంతా తిరిగింది. ఒక్క చోట కూర్చోదు, ముద్ద నోట్లో పెట్టదు. అనవసరంగా కదిపానేమో అని నాకు ఏడుపొచ్చింది.

ఆ ఆదివారం కంకిపాడులో కూడిక. అలవాటు ప్రకారం అయ్యగారు పిన్ని చేతులెత్తి ప్రార్థించిన సంగతి మొదలెట్టారు. అమ్మమ్మ కళ్ళు మూసుకుని తనూ చేతులెత్తింది. ఇంతకాలం మా అమ్మని క్షోభపెట్టిన మాట అది. ఇక ఊరుకోలేక, అసలు సంగతి అందరిముందూ చెప్పేద్దామని లేవబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

“కూర్చోవే. నాకు దొరికింది నాకు చాలు. మా అమ్మది మా అమ్మకుండనీ.”

కూడిక అయ్యేదాకా అమ్మ అక్కణ్ణించి కదల్లేదు. అందరితో పాటు ఆమెన్ అంది.

ఇంటికొచ్చాక స్నానానికి వెళ్ళి, కీర్తన ఎత్తుకోబోతున్నాను. “గడియ పెట్టుకోవే,” అంది అమ్మ బయట నుంచి. గడియ తుప్పుపట్టి ఓ పట్టాన కదల్లేదు, బలమంతా పెట్టి వేశాను. నేను మళ్ళీ తీసేదాకా అమ్మ ఆ తలుపు దగ్గరే నిలబడి ఉంది.