హెల్మెట్‌లో రొయ్యలు

ఎండ తట్టుకోలేక పొద్దున్నే మా అక్క మొగుడు, నేను మోటార్ సైకిల్ మీద భీమిలి వెళ్ళి సముద్రంలో మునిగొచ్చాం. బావ పనిచేసేది ఉక్కు ఫ్యాక్టరీలో. అక్కడ సేఫ్టీ హెల్మెట్ లేనిదే ఒక్క అడుగు వెయ్యడు. గేటు బయట మాత్రం హెల్మెట్ పోలీసుల కోసమే.

తిరిగొచ్చేటప్పుడు ఒడ్డున రొయ్యలు కొన్నాం.

"సంచీ తేలేదేటి బాబూ?" అంది అమ్మే ఆవిడ.

బావ తలమీది హెల్మెట్ తీసి చాపాడు. "ఇందులో ఎయ్యమ్మా. ఈ ఎండలో ఇదెట్టుకుంటే బుర్ర ఉడికిపోతంది."

ఆ రొయ్యల హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని నేను వెనక కూర్చున్నాను.

రుషికొండ దగ్గర మలుపులో ఇసక మీద బండి జారింది. నేను హెల్మెట్ వదలకుండా ఇసకలో పడ్డాను. బావ తల వెళ్ళి రాయికి కొట్టుకుంది.

ఆసుపత్రిలో కుట్లు వేస్తూ డాక్టరు, "హెల్మెట్ లేదా?" అని అడిగాడు. చేతిలోది చూపించాను. ఆయన లోపలికి తొంగి చూసి, "ఒక్కటీ నలగలేదు. మంచి హెల్మెట్" అన్నాడు.

సాయంత్రానికి ఇంటికి పంపేశారు. అక్క కాసేపు ఏడ్చి, పాడైపోతాయని రొయ్యలు ఇగురు పెట్టింది. దవడ కూడా వాచి కదపలేని బావ గంజి తాగుతూ మా కంచాల వైపే చూశాడు. ఇగురు చాలా బాగుంది.

మీ ఇళ్ళల్లో హెల్మెట్లు దేనికి వాడుతున్నారో కింద రాయండి. బావకి చదివి వినిపిస్తాను. నవ్వితే కుట్లు లాగుతున్నాయట.