మరుపు అమ్మదా, నాయనదా?

మామిడి కోతల కాలంలో ఒక పొద్దున మా నాయన ఐరాల నుంచి చిత్తూరులోని మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకముందే అమ్మ మీద ఫిర్యాదు మొదలుపెట్టాడు.

"పాపా, మీ యమ్మకు మతిమరుపు ముదిరింది. రసంలో రెండుమాట్లు ఉప్పేసింది. ఇప్పుడేందో రక్తం తీసి సెప్పేస్తారంట గదా, తిరపతికి తీసకపోదాం."

"సరే. అమ్మ యాడ నాయనా?"

నాయన నాలుక కరుచుకున్నాడు. అమ్మను బస్టాండులో కూర్చోబెట్టి వచ్చేశాడు.

నేను పరుగెత్తి వెళ్ళేసరికి అమ్మ సంచీ ఒళ్ళో పెట్టుకుని, "సోడా తెస్తానని పోయినాడు మే మీ నాయన, ఇంకా రాలా" అంది.

మరునాడు తిరుపతిలో డాక్టరమ్మ, అమ్మకు ఇబ్బంది ఎప్పటి నుంచి అని నాయనను అడిగింది. ఆయన చెప్పిన ప్రతి మాటనూ అమ్మ పక్కనుంచి సరిదిద్దుతూ వచ్చింది. కాసేపటికి డాక్టరమ్మ తన కుర్చీని నాయన వైపు తిప్పుకుంది.

"పెద్దాయనా, ఇది ఏ నెల?"

"బేనీషా మామిడి అయిపోయె, తోతాపురి కోతకొచ్చె. నెలతో నాకేం పని తల్లీ?"

డాక్టరమ్మ నవ్వింది. గడియారం బొమ్మ గీయమంది. నాయన అంకెలన్నీ ఒక పక్కకే పోగేశాడు. అప్పటిదాకా నవ్వుతున్న నేను ఆగిపోయాను.

ఇద్దరికీ రక్తం తీశారు. నాయన రక్తంలో కొంత బెంగుళూరుకు పంపుతామనీ, అదొక్కటే చూసి జబ్బు తేల్చబోమనీ, తలకు తీసే స్కానుతో కలిపి చూస్తామనీ చెప్పారు.

"నేను బెంగుళూరు సూసిందే లేదు, నా రక్తం పోతా ఉండాది" అని నాయన మురిసిపోయాడు.

ఫలితాలు వచ్చాక మళ్ళీ వెళ్ళాం. అమ్మకు థైరాయిడ్, మాత్రలతో సర్దుకుంటుంది. నాయనకు అల్జీమర్స్, తొలిదశ. పూర్తిగా పోగొట్టే మందు లేదు గానీ కొన్నాళ్ళు నిదానించేలా చూద్దామంది డాక్టరమ్మ.

తిరుగుదారిలో కారులో అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. చంద్రగిరి దాటాక నాయన ఆమె వైపు తిరిగాడు.

"అయితే ఇంక కరేపాకు మర్సిపోయొచ్చినా నువ్వు నన్ను తిట్టేదానికి లేదు."

"పెండ్లయినప్పట్నించీ మర్సిపోతానే ఉండావు. అది జబ్బు కాదు, పొగరు" అంది అమ్మ.

ముగ్గురం నవ్వాం. అమ్మ నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు పొద్దున్నే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాత్రలు వేసుకుంటారు. తాను వేసుకున్నానని నాయన అంటాడు, నోరు తెరిచి చూపించమని అమ్మ అంటుంది. ఆమె మాత్ర చిన్నది, తనది పెద్దది అని ఆయనకు రోజూ కొత్తగా కోపం వస్తుంది.