చేపలు యాప్ తెరిచి చూస్తాయా?

మా మాస్టారు పోయారని తాడేపల్లిగూడెం నుంచి కబురొచ్చింది. పాలిటెక్నిక్‌లో నాకు కంప్యూటర్లు నేర్పిన మనిషి. ఏడవాలి కదా, నాకు ముందు ఒళ్లు మండిపోయింది.

ఎందుకో చెబుతాను. ఉండి దగ్గర చేపల రైతుల సంఘానికి ఆయనా నేనూ కలిసి ఒక యాప్ చేశాం. చెరువులో ఆక్సిజన్ తగ్గితే రైతుకు ఫోన్ వెళ్తుంది, లేచి నీళ్లు చిమ్మి గాలి కలిపే ఏరేటర్ వేసుకుంటారు. యాప్‌ను, దానికి కావాల్సిన సరంజామాతో సహా కంటైనర్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టెలో సర్దేశాం. దాన్ని ఏ క్లౌడ్ సర్వీసులో నడపాలన్నదే తగాదా. ఒకటి యాప్‌ను ఎప్పుడూ మెలకువగా ఉంచుతుంది. రెండోది ఎవరూ తెరవకపోతే పడుకోబెట్టేస్తుంది, అందుకే చవక.

మాస్టారు ఇలాంటివి గదిలో కూర్చుని తేల్చేవారు కాదు. ప్యాంటు పైకి మడిచి చెరువు గట్టు మీద నిలబడేవారు, నన్నూ నిలబెట్టేవారు. "తెల్లారగట్ల ఇక్కడేం జరుగుతుందో చూడమ్మా. సర్వీసు సంగతి తర్వాత." మబ్బు పట్టిన రోజు ఆక్సిజన్ చాలక చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే విలవిల్లాడిపోయేవారు. నాకొచ్చిన విద్యంతా ఆ గట్టు మీద నేర్చుకున్నదే.

సంఘం ప్రెసిడెంటు గారికి చవకదే నచ్చింది. "ఎవరూ చూడనప్పుడు నడవడం దేనికండీ?" అన్నారు.

"చేపలు యాప్ తెరిచి చూస్తాయా అండీ? చెరువులో ఆక్సిజన్ మీటర్లను మన యాపే అడుగుతుండాలి. అది పడుకుంటే అడిగేదెవరు?" అన్నారు మాస్టారు. ఎంత కోపమొచ్చినా ఆయన గొంతు పెంచరు, అండీ వదలరు. చివరికి మెలకువగా ఉంచేదాంట్లోనే పెట్టాం.

ఆయన ఏలూరు ఆసుపత్రిలో చేరగానే ప్రెసిడెంటు గారు యాప్‌ను చవక సర్వీసుకు మార్పించేశారు. నాకు ఒక్క మాట చెప్పలేదు. వారం తిరక్కుండా ఒక రైతు చెరువులో చేపలన్నీ చచ్చి తేలాయి. ఆ రైతుకు ఫోన్ వెళ్లలేదు. యాప్ హాయిగా నిద్రపోతోంది మరి!

సంతాప సభలో అదే ప్రెసిడెంటు గారు ఫొటోకు దండ వేసి, "మాస్టారు చూపిన దారిలోనే నడుస్తున్నాం" అన్నారు. సిగ్గుండాలి! లేచి అరిచేశాను. "మనిషి మంచం మీద ఉండగానే ఆయన మాట గట్టున పెట్టారు. ఇప్పుడు దండలా అండీ?"

"చావు దగ్గర గొడవలేంటమ్మా?" అన్నారెవరో.

మాస్టారి భార్య తలెత్తారు. "పడనివ్వండి. ఆయన మెత్తగా చెబితే విన్నారా మీరు? ప్రెసిడెంటు గారూ, మళ్లీ పాతదానికి మార్పించండి. ఇప్పుడే, ఇక్కడే."

ప్రెసిడెంటు గారు తల దించుకుని పాస్‌వర్డ్ చెప్పారు. ఆ కుర్చీలోనే లాప్‌టాప్ తెరిచి మార్చేశాను.

మర్నాడు తెల్లారకముందే చేపలు పోయిన రైతు ఫోన్ చేశారు. "పక్క చెరువాళ్లకి ఫోనొచ్చిందండీ. ఏరేటర్ వేశారు. వినపడుతోందా?"

వినపడుతోంది. ఖాళీ చెరువు గట్టు మీద ఆయన, ఇక్కడ నేను, పక్క చెరువులో నీళ్లు చిమ్ముతున్న చప్పుడు వింటూ ఉండిపోయాం.