ద్వారం దగ్గర చదివిన పేరు

గుజరాత్‌లోని సిద్ధపూర్‌లో ధన్‌సుఖ్ దర్జీ అంటే నోట్లో నాలుక లేని మనిషి. వాడలో ఎవరేమన్నా తలూపడమే ఆయనకు తెలుసు. చివరికి ఆ తలూపుడే ఆయన కొంప ముంచింది.

ఆ ఏడు నవరాత్రులకు వాడ కమిటీ కొత్త రూలు పెట్టింది. గుర్తింపు కార్డు చూసి, బొట్టు పెట్టి, మనవాళ్ళనే లోపలికి పంపాలట! ద్వారం దగ్గర కుంకుమ పళ్ళెంతో ధన్‌సుఖ్‌ను నిలబెట్టారు. మొదటి సాయంత్రం డోలు భుజాన వేసుకుని జుమాభాయ్ వచ్చాడు. ముప్పయ్యేళ్ళుగా ఆ వాడ గర్బా ఆటకు డోలు ఆయనదే. ధన్‌సుఖ్ పెళ్ళి ఊరేగింపులో ముందు నడిచిందీ ఆయనే.

"ఏం ధన్సూ, నాక్కూడా బొట్టేనా?" అని నవ్వాడు.

పక్కనే కమిటీ పెద్ద. ధన్‌సుఖ్ చెయ్యి చాపి కార్డు తీసుకుని, ఎన్నడూ ఎరగని మనిషిదన్నట్టు పైకి చదివాడు. "జుమాభాయ్ మీర్. ముసల్మాన్లకు లోపలికి లేదు."

ఛీ, ఏం నోరది! జుమాభాయ్ కార్డు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

లోపల స్పీకర్లలో పాట మొదలైంది. గర్బాలో మొదటి చుట్టు ఎప్పుడూ ముసలమ్మలదే. ధన్‌సుఖ్ తల్లి రతన్‌బా మాత్రం కదలలేదు. "డోలేదిరా?" అని కొడుకును పిలిచి అడిగింది. సంగతి విని మండిపడింది.

"నీ పెళ్ళికి చేతులు బొబ్బలెక్కేలా వాయించాడు కదరా, సిగ్గులేనోడా! అతనొచ్చేదాకా నేను చప్పట్లు కొట్టను, పో."

ఆమె చతికిలబడింది. ముసలమ్మలంతా ఆమె పక్కనే కూర్చున్నారు.

ఆ రాత్రి ధన్‌సుఖ్‌కు ముద్ద దిగలేదు. తెల్లారి కుంకుమ పళ్ళెం తీసుకెళ్ళి కమిటీ పెద్ద ముందు పెట్టాడు. "ఈ రూలుంటే నేనుండను. మా అమ్మ ఆడదు. ఎవరితో ఆడించుకుంటారో మీ ఇష్టం." జన్మలో మొదటిసారి తల అడ్డంగా ఊపాడు. ముసలమ్మలతో పెట్టుకోలేక కమిటీ పెద్ద గొణుక్కుంటూ రూలు ఎత్తేశాడు.

ధన్‌సుఖ్ పరుగున జుమాభాయ్ ఇంటికి వెళ్ళాడు. "తప్పయిపోయింది కాకా. ఇక కార్డులు లేవు, కమిటీ ఒప్పుకుంది."

"కమిటీ మీద నాకేం కోపం లేదురా. వాళ్ళకు నేను ఒట్టి డోలువాణ్ణే. నేనెవరో నీకు తెలుసుగా?"

ధన్‌సుఖ్ ఆయన కాళ్ళకు వంగాడు.

"మీ అమ్మ కోసం వస్తాలే" అన్నాడు జుమాభాయ్.

వచ్చాడు. ఆ సాయంత్రం ద్వారం దగ్గర ఎవరూ ఎవర్నీ ఆపడం లేదు. జుమాభాయ్ తనే ఆగి, జేబులోంచి కార్డు తీసి ధన్‌సుఖ్ చేతిలో పెట్టాడు.

"వద్దు కాకా, నీకు దణ్ణం పెడతా."

"చదువు" అన్నాడు. మొహంలో నవ్వు లేదు.

"జుమాభాయ్ మీర్" అని పైకి చదివాడు ధన్‌సుఖ్. లోపల డోలు మోగింది, రతన్‌బా చప్పట్లు కొట్టడం మొదలెట్టింది. మిగిలిన ఏడు సాయంత్రాలూ జుమాభాయ్ ఆ కార్డు అలాగే ఇచ్చాడు, ధన్‌సుఖ్ అలాగే చదివాడు.