అర్థం కాలే

ఫిలింనగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్‌కి మేడమ్ సౌండ్ ఇంజనీరు. ఆదివారం పొద్దున అది ఖాళీగా ఉండేది. పక్క బస్తీల నుంచి ఇంజనీరింగ్‌లో చేరిన మాలాంటి అమ్మాయిలకు అక్కడే పాఠాలు చెప్పేవారు. మా ఇళ్ళలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. లెక్చరర్ ఏం చెప్పినా అర్థమైందని తలూపేవాళ్ళం. కాలేదంటే "మీకెందుకీ చదువు" అంటారని భయం.

మేడమ్‌కి ఆ తలూపుడు పడేది కాదు. తన పాఠానికీ అలా తలూపితే వెంటనే మైకు ముందు నిలబెట్టేవారు.

"అర్థం కాలే అను."

గొణిగితే రికార్డు చేసి వినిపించేవారు.

"ఏందే, దోమ పాడినట్టుంది! జర గట్టిగను. గీ గోడలు దాటి నీ గొంతు బయటికి పోదులే."

ఈ మధ్యే మేడమ్ చనిపోయారు. సంతాపసభలో థియేటర్ యజమాని మాట్లాడాడు. "పాపం, మీ మీద జాలితో ఆవిడ ఇన్నాళ్ళూ నడిపారు. ఇక క్లాసులు ఆపేద్దాం. అర్థమైందా అమ్మా?"

మా వరుసలో తలలు ఊగబోయాయి. నేను లేచాను.

"అర్థం కాలే సార్. మళ్ల చెప్పుండ్రి."

ఆయన నోరు తెరిచేలోపే వెనక నుంచి ఫస్టియర్ పిల్ల అంది: "నాకు గూడ కాలే."

ఆ గొంతు దోమలా లేదు.